ఒకే బిల్లుకు ముగ్గురు హక్కుదారులు

మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా తేలని లెక్క ఒకటుంది. ముప్పై ఆరేళ్లు రక్షణ శాఖ ఖాతాల్లో పనిచేసి, ఆయుధ కర్మాగారాల స్టోర్సు లెడ్జర్లు తిరగేసి, పైసా తేడా వచ్చినా వదలడని పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఇంట్లో ఈ ఒక్క లెక్కా తేల్చలేకపోయాను. తేలదు అన్నదే దాని సరైన జవాబని అర్థం కావడానికి ఇన్నాళ్లు పట్టింది. హేతువాద మిత్రులకు పనికొస్తుందని రాస్తున్నాను. మా ఆవిడ చదివి, రాయమంది. పేరు మాత్రం వద్దంది.

1994లో దసరా వెళ్లాక మా ఆవిడకు జబ్బు చేసింది. అప్పటికి మేం హౌరాలో, శిబ్‌పూర్‌లో అద్దెకుంటున్నాం. రోజూ లాంచీలో గంగ దాటి అవతలి ఒడ్డున ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. జబ్బు అన్నాను గానీ జ్వరం లేదు, నొప్పి లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మంచం మీద కూర్చునేది. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండక రెండుసార్లు వేసేది. జడ వేసుకోవడం మానేసింది. ఐదేళ్ల మా పెద్దాడు బడి నుంచి వచ్చి ఏదో చెబుతుంటే వాడి మొహంకేసి చూసేదే గానీ వినేది కాదు. ఒకరోజు బఠాణీలు ఒలుస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "నేను లేకపోతే మీకందరికీ సుఖం" అంది.

అప్పుడు నేనేం చేశాను? చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఉపన్యాసం ఇచ్చాను. 'హేతువాది' పత్రిక పోస్టులో తెప్పించుకునేవాణ్ణి, కోవూర్ గారి పుస్తకాలు అరలో ఉండేవి. "దెయ్యాలు లేవని, గ్రహాలు ఏమీ చెయ్యవని నీకు తెలుసు కదా, మరి ఈ దిగులెందుకు? తర్కంగా ఆలోచించు" అని మూడు వారాలు వాదించాను. కాలు విరిగినవాడికి నడక మీద పాఠం చెప్పడం లాంటిది ఇది. మనసు అనేది మెదడు చేసే పనే అని సభల్లో చెప్పే మనం, ఆ మెదడుకు జబ్బు చేస్తే మాత్రం 'మనోధైర్యం లేదు' అంటాం. దెయ్యం పట్టిందనే వాడికీ నాకూ అప్పుడున్న తేడా ఏమిటో మీరే చెప్పండి.

చివరికి ఆఫీసులో ఒక సహోద్యోగి మందలిస్తే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. డిప్రెషన్ అన్నారు. ఇమిప్రమిన్ మాత్రలు రాశారు. మూడు నాలుగు వారాల దాకా గుణం కనిపించదు, ఓపిక పట్టండి అన్నారు.

ఈలోగా మా అత్తగారు సామర్లకోటలో మద్రాసు మెయిలెక్కి దిగారు. కూతుర్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, నయమైతే అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకుని, ముడుపు కట్టారు. పక్కింటి మాసిమా ఊరుకోలేదు. బెంగాలీలో మాసిమా అంటే పిన్నిగారన్నమాట. ఆవిడ తనకు తెలిసిన కవిరాజు దగ్గర్నుంచి ఏవో వేరు మాత్రలు తెచ్చి మా ఆవిడ చేత గుట్టుగా కొన్నాళ్లు మింగించిందట. బెంగాల్లో కవిరాజు అంటే ఆయుర్వేద వైద్యుడు. మన త్రిపురనేని రామస్వామి చౌదరి గారి బిరుదు అనుకోకండి!

ఎనిమిదో వారంలో ఒక ఆదివారం పొద్దున్న మా ఆవిడ "దువ్వెన ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. మరో రెండు వారాలకు మనిషి మనుషుల్లో పడింది.

అక్కడ మొదలైంది తగాదా. స్వామి దయ అన్నారు అత్తగారు. కవిరాజు మందు అంది మాసిమా. ఇమిప్రమిన్ అన్నాను నేను. ఒకే బిల్లుకు ముగ్గురు హక్కుదారులు. ముగ్గురి దగ్గరా ఉన్న ఓచరు ఒకటే: "మేం ఇది చేశాం, తర్వాత తగ్గింది." ఆఫీసులో ఇలాంటి బిల్లు నా బల్ల మీదికొస్తే అభ్యంతరం రాసి వెనక్కి పంపేవాణ్ణి. ఇంట్లో మాత్రం నా బిల్లు నేనే పాస్ చేసుకున్నాను.

ముందు మాసిమా బిల్లు చూద్దాం. ఎందుకంటే అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఆ మాత్రలు సర్పగంధ వేరువని కవిరాజు చెప్పాడట. బీహారు, బెంగాల్ పల్లెల్లో పిచ్చికి మందుగా ఎప్పటినుంచో వాడుతున్న వేరు అది. ఆ మొక్కకు ఇప్పటి శాస్త్రీయ నామం పుస్తకంలో ఎక్కించిన కుర్జ్ అనే వృక్షశాస్త్రవేత్త పనిచేసింది మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే, శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ హెర్బేరియంలో. ఆ తోట 1787లో పెట్టారు. 1793లో దానికి అధిపతిగా వచ్చిన రాక్స్‌బర్గ్ అంతకు ముందు మా సామర్లకోటలో మొక్కలు పెంచినవాడే. అందుకని ఆ తోటంటే నాకో సొంత ఊరి అభిమానం.

1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు 'ఇండియన్ మెడికల్ వరల్డ్'లో ఒక వ్యాసం రాశారు. సర్పగంధ ఉన్మాదానికీ రక్తపోటుకీ పనికొచ్చే కొత్త భారతీయ ఔషధమని దాని సారాంశం. వేరు పొడి రోజుకు రెండుసార్లు ఇస్తే నిద్ర పడుతుంది, ఉద్రేకం తగ్గుతుంది, వారంలో తెలివి కుదుటపడుతుంది అన్నారు. 1933లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలు నుంచి చోప్రా బృందం దాని రసాయనాల మీద పరిశోధన ప్రచురించింది. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద చేసిన పరిశీలనను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక ప్రపంచం కళ్లు తెరిచింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. న్యూయార్కులో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి చూశాడు. 1957లో లాస్కర్ అవార్డు అందుకున్నవాళ్లలో వకీల్, క్లైన్ ఇద్దరూ ఉన్నారు.

ఇక్కడ ఆగితే మన వేదాల్లో అన్నీ ఉన్నాయిష అనేవాళ్లు చప్పట్లు కొడతారు. ఆగకూడదు. అసలు కథ ఇక్కడినుంచే.

1954లో అమెరికాలో ఫ్రైస్ అనే డాక్టరు ఒక నివేదిక రాశాడు. రక్తపోటుకు ఎక్కువ మోతాదులో చాలాకాలం రిసర్పిన్ వాడిన ఐదుగురు రోగులు తీవ్రమైన కుంగుబాటులో పడ్డారని. ఇలాంటి నివేదికలు మరికొన్ని వచ్చాయి. రిసర్పిన్ మెదడులో సెరటోనిన్ లాంటి రసాయనాల నిల్వను ఖాళీ చేస్తుందని 1955 ప్రాంతంలో తేలింది. ఇంకేం, రెండూ రెండూ కలిపేశారు: ఆ రసాయనాలు తగ్గితే డిప్రెషన్ వస్తుంది! 1960ల్లో గట్టిపడిన ఆ సిద్ధాంతానికి మన సర్పగంధ ఒక మూలస్తంభం. 'మెదడులో కెమికల్ తగ్గింది' అనే మాట ఈనాటికీ మీరు వింటూనే ఉన్నారు కదా.

అయితే 1955లోనే లండన్‌లో మాడ్‌స్లీ ఆసుపత్రి డాక్టర్లు డేవిస్, షెపర్డ్ ఇంకో పని చేశారు. ఆందోళన, కుంగుబాటు ఉన్న రోగులను చీటీలు వేసినట్టుగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రిసర్పిన్, రెండో గుంపుకు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఫలితాన్ని లాన్సెట్‌లో అచ్చేశారు. మానసిక వైద్యంలో ఇలాంటి పరీక్షల్లో ఇది తొలినాటిది. ఫలితం ఏమిటో తెలుసా? రిసర్పిన్ తీసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు! కుంగుబాటు తెస్తుందన్న మందు కుంగుబాటున్నవాళ్లకు మేలు చేసింది. అయినా ఆ ట్రయల్‌ని దాదాపు అందరూ మరిచిపోయారు. ఐదుగురి కథ మాత్రం పాఠ్యపుస్తకాలకెక్కింది. 'రిసర్పిన్ డిప్రెషన్ తెస్తుంది' అన్నది ఒక అపోహ అని 2003లో కొందరు పరిశోధకులు తేల్చి రాశారు. 2022లో ఉన్న ఆధారాలన్నీ మళ్లీ కూడదీసి చూసినా అలా తెస్తుందనడానికి నికరమైన రుజువు దొరకలేదు.

గమనించండి. ఇక్కడ పొరపడింది బాబాలు కాదు, ప్రొఫెసర్లు. చేసిన పొరపాటు మా అత్తగారు చేసిందే: "ఇది జరిగింది, తర్వాత అది జరిగింది, కాబట్టి దీనివల్లే అది." (అలాగని ఎవరూ సర్పగంధ కొనుక్కుని ఇంట్లో ప్రయోగం చెయ్యకండి. అది రక్తపోటును దించే గట్టి మందు. మా ఆవిడ దాన్ని ఇమిప్రమిన్‌తో కలిపి మింగిందని తర్వాత తెలిసి నాకు చెమటలు పట్టాయి.)

ఇక నా బిల్లు. ఇమిప్రమిన్ పనిచేస్తుందా? దీనికి బ్రిటన్‌లో మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ చేసిన పెద్ద ట్రయల్ ఒకటుంది. 1965లో అచ్చయింది. ఆసుపత్రిలో చేరిన 40 నుంచి 69 ఏళ్ల డిప్రెషన్ రోగులు 250 మందిని నాలుగు గుంపులు చేశారు. నాలుగు వారాలకు లక్షణాలు పూర్తిగానో దాదాపుగానో పోయినవాళ్లు విద్యుత్ చికిత్స గుంపులో నూటికి 71 మంది, ఇమిప్రమిన్ గుంపులో 52, ఫెనెల్జిన్ అనే మరో మందు గుంపులో 30, ఉత్తుత్తి మాత్ర గుంపులో 39.

నేను మొదటిసారి చూసినప్పుడు నా కళ్లు ఆ 39 దగ్గర ఆగిపోయాయి. అసలు మందే లేని ఖాతాలో నూటికి 39 మంది బాగుపడ్డారు! ఫెనెల్జిన్ మింగినవాళ్లకు అంతమాత్రం కూడా రాలేదు. ఇమిప్రమిన్ గుంపులో తగ్గిన 52 మందిలో సుమారు 39 మందికి ఎలాగూ తగ్గేది. నికరంగా మందు ఖాతాకు జమ పడేది 13. మిగతాది కాలానిది, ఆసుపత్రి పరిచర్యది, ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యానిది. మా ఆవిడ వయసు వేరు, ఆసుపత్రిలో చేరనూ లేదు, కాబట్టి ఆ అంకెలు అలాగే ఆవిడకు అంటించలేం. కానీ మా తగాదాకు నాలుగో హక్కుదారు ఒకడున్నాడని, వాడు మాలో ఎవరికంటేనూ పెద్దవాడని తెలిసింది. వాడి పేరు 'ఏమీ చెయ్యకపోయినా'.

అందుకే మొక్కుబడికి నేను వేరే తూకం వాడను. మొక్కుకున్నవాళ్లు వందమంది, మొక్కుకోనివాళ్లు వందమంది, చీటీ వేసి విడదీసి లెక్కపెట్టి చూపించండి అంటాను. అదే మాట మాత్రల కంపెనీతోనూ అనాలి.

అనాలి అని ఎందుకంటున్నానంటే, కంపెనీల పుస్తకాల్లోనూ ఓచర్లు మాయమయ్యాయి. 2008లో టర్నర్ అనే పరిశోధకుడి బృందం, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన 74 డిప్రెషన్ మందుల ట్రయల్స్‌ని అచ్చయిన వ్యాసాలతో సరిపోల్చింది. మేం బ్యాంకు పాసుపుస్తకంతో క్యాష్‌బుక్ సరిచూసినట్టు. మందుకు అనుకూలమని నియంత్రణ సంస్థ భావించినవి 38. అందులో 37 అచ్చయ్యాయి. మిగతా 36లో 22 అచ్చే కాలేదు, 11 అనుకూలమన్నట్టు మార్చి అచ్చేశారు, మూడే మూడు ఉన్నదున్నట్టు వచ్చాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ తతంగానికి మందు కూడా ఆడిటర్ల మందే: ముందు రిజిస్టర్లో ఎక్కించు, తర్వాత ఖర్చు పెట్టు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 నుంచి నమోదు తప్పనిసరి.

మరి మందులన్నీ మోసమేనా? కాదు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన పరిశీలన, అచ్చుకాని వివరాలు కూడా రాబట్టి, 522 ట్రయల్స్, లక్షా పదహారు వేల పైచిలుకు మంది లెక్కలు కూడింది. చూసిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే. తేడా మాత్రం చాలావాటికి ఒక మోస్తరు. నూటికి పదిమంది అటూ ఇటూ అంటే కాగితం మీద చిన్నదే. మునిగిపోతున్నవాడికి అది చిన్నది కాదు.

మాత్రలు కానివాటికీ ఇదే పరీక్ష. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, రోగుల చేత రోజువారీ పనులు మెల్లగా మళ్లీ మొదలుపెట్టించే పద్ధతిని పరీక్షించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు ఆ పద్ధతి అందినవాళ్లలో నూటికి 64 మంది కోలుకుంటే, అందనివాళ్లలో 39 మంది. అది చదివి మాసిమా గుర్తొచ్చింది. ఆవిడ రోజూ పొద్దున్న మా ఆవిణ్ణి బలవంతాన లేపి చేపల బజారుకు వెంటబెట్టుకెళ్లేది. మా ఆవిడ చేపలు ముట్టదు, అయినా వెళ్లేది. మాసిమా తన బిల్లులో వేరు మాత్రలు రాసుకుంది గానీ, బజారు సంగతి రాసుకోలేదు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. ఇంతవరకు వాయిదా వేసుకుంటూ వచ్చాను.

బాగుపడ్డ మూడు నెలలకు, డాక్టర్ని అడక్కుండా, నేనే మాత్రలు ఆపించేశాను. నోరు ఎండిపోతోందని ఆవిడ అంటుండేది. జబ్బు తగ్గాక ఖర్చెందుకని నా లెక్క. పని పూర్తయింది, ఖాతా మూసేశాను. 1995 వేసవిలో జబ్బు తిరగబెట్టింది, ఈసారి ఇంకా గట్టిగా. ఒక సాయంత్రం చీకటిపడే వేళ శిబ్‌పూర్ ఘాట్ మెట్ల మీద, నీళ్ల దగ్గరగా, ఒంటరిగా కూర్చుంటే మాసిమా చూసి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. నేను అప్పుడు అవతలి ఒడ్డున మార్చి ఖాతాల మిగులు పని చేసుకుంటున్నాను. ఆ సాయంత్రం మాసిమా అటు రాకపోయి ఉంటే అన్న ఆలోచన ముప్పై ఏళ్లుగా నా వెంట ఉంది.

మళ్లీ వైద్యం జరిగింది. ఈసారి డాక్టరు చెప్పినంతకాలం వాడి, ఆయన చెప్పినట్టే మోతాదు తగ్గించుకుంటూ ఆపాం. 2009లో ఇంకోసారి వచ్చింది, త్వరగా గుర్తుపట్టాం. ఇప్పుడు బాగుంది.

మాత్ర ఆపినందువల్లే తిరగబెట్టిందా? దీని మీదా ట్రయల్స్ ఉన్నాయి. 2003లో 31 ట్రయల్స్, 4410 మంది లెక్కలు కూడితే, మందు కొనసాగించినవాళ్లలో నూటికి 18 మందికి, ఉత్తుత్తి మాత్రకు మార్చినవాళ్లలో 41 మందికి తిరగబెట్టింది. 2021లో బ్రిటన్‌లో చాలాకాలంగా మందు వాడుతూ బాగున్న 478 మంది మీద చేసిన ట్రయల్లో, ఏడాదిలో కొనసాగించినవాళ్లలో 39 మందికి, మెల్లగా ఆపినవాళ్లలో 56 మందికి. మందులు వేరు, మనుషులు వేరు. అయినా దారి ఒకటే చూపిస్తున్నాయి. ఆపితే ప్రమాదం పెరుగుతుంది. ఆపినవాళ్లందరికీ రాదు, ఆపకపోయినా కొందరికి వస్తుంది.

అంటే ఆ 56లో 39 మందికి ఎలాగూ వచ్చేదే, 17 మందికి ఆపడం వల్ల వచ్చింది. మా ఆవిడ ఆ 39లో మనిషా, 17లో మనిషా? ఏ ఆడిటరూ చెప్పలేడు. ట్రయల్ గుంపు గురించి చెబుతుంది, ఒక మనిషి గురించి చెప్పదు. అందువల్ల నా తప్పును నేను పూర్తిగా రుజువు చేసుకోలేను, కొట్టేసుకోనూ లేను. ఈ మాట ఆవిడతో అంటే, "అది సరే, నన్నడక్కుండా ఖాతా మూసేశారుగా, అది ఏ గుంపులో ఉన్నా తప్పే" అంది. దానికి ట్రయల్ అక్కర్లేదు.

మిత్రులకు చెప్పేది ఇంతే. ఎవరైనా 'దీనితో నయమైంది' అంటే, అది తావీదయినా, కషాయమైనా, మాత్రయినా, 'అది లేకపోతే ఏమయ్యేది? ఎందరిలో చూశారు? చూడనివి ఎన్ని దాచారు?' అని అడగండి. మనకు నచ్చిన జవాబు వచ్చినప్పుడు కూడా అడగండి. కోవూర్ గారి కేసు కథలు మనకెంత ఇష్టమైనా, అవీ ఒక్కొక్కరి కథలే. ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉంటే మాత్రం ముందు వాదన కట్టిపెట్టి పక్కన కూర్చోండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తెలియకపోతే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్‌కు 14416కు ఫోన్ చెయ్యండి, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. వాడుతున్న మందు మాత్రం అడక్కుండా ఆపకండి, ఆపించకండి.

అన్నవరం మొక్కు మా అత్తగారు తీర్చేసుకున్నారు, నేనూ వెంట వెళ్లాను. ప్రసాదం బాగుంది.